పక్క సీటు

ఆదివారం, మధ్యాహ్నం

అన్నయ్యకి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం మొదట్లో ఉండాలి కదా అని రాస్తున్న మాట కాదు. నిన్న సాయంత్రం కాసేపు ఆ క్షేమం మీద నాకే నమ్మకం పోయింది. వదిననీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నువ్వు అడిగినదానికి జవాబు ఫోన్లోనే చెప్పేదాన్ని. నాన్న ఒప్పుకోలేదు. ఫోన్లో అయితే అన్నాచెల్లెళ్ళిద్దరూ నానుస్తారు, తీర్పు కాగితం మీద ఉండాలి, పంపేముందు తనకి చూపించాలి అన్నారు. పోయిన నెల నాన్న పక్క సీట్లో ఉండగానే డ్రైవింగ్ స్కూలు కారు గేటుకి గుద్దుకున్నప్పటి నుంచి, ఆయన ఇంకా పాఠాలు చెప్పగలరా అని నీకు అనుమానమే కదా. తను పెట్టిన డ్రైవింగ్ స్కూల్లో తను పాఠం చెప్పచ్చో లేదో కన్నబిడ్డలు తేల్చడమేమిటని వారమంతా భోజనం దగ్గర అలిగారు. చివరికి నిన్నటి కొండ ప్రయాణం కూడా తనే పెట్టారు. చదును రోడ్డు మీద పరీక్షేమిటి, కొండెక్కిస్తాను పదండి అన్నారు. స్కూలు కారు రిపేరులో ఉంది కాబట్టి ఇంటి కారులో బయల్దేరాం.

పైకి ఆయనే నడిపారు. ఒప్పుకోవాలి అన్నయ్యా, ఒక్క మలుపులో కూడా అమ్మ తల అద్దానికి తగల్లేదు. చెట్లు పొట్టివై, తర్వాత గడ్డే మిగిలి, ఆఖరికి అదీ పోయి రాయి మిగిలింది. పైన గాలి చెవులు కోసేస్తోంది. మబ్బులు మా కాళ్ళకింద ఉన్నాయి. అమ్మ కొంగు తలకి చుట్టుకుని, ఇంత అందం చూడ్డానికి ఇంత భయపడాలా అంది. నాన్న పొంగిపోయి ఆవిడకి ఫొటోలు తీశారు. అన్నిట్లోనూ సగం ఆయన వేలే.

దిగేముందు తాళం నా చేతిలో పెట్టారు. నన్ను పరీక్షించాల్సింది పక్క సీట్లో కదా, నువ్వు నడుపు, నేను చెబుతాను అన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్నే అయినా అంత వాలు నేనెప్పుడూ దిగలేదు. పొగమంచు పట్టింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు.  వెనక సీట్లో అమ్మ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని దేవుళ్ళందర్నీ పిలుస్తోంది. 

ఒక మలుపులో లారీ ఎదురొచ్చింది. బ్రేకు తొక్కాను. నాన్న ఎప్పటిలాగే నిదానంగా, వదులు, నేను పట్టాను అన్నారు.

వదిలేశాను అన్నయ్యా. స్కూలు కారులో ఆ మాట వింటే పాదం దానంతటదే లేస్తుంది, పక్క సీటు కింద ఆయనకి రెండో బ్రేకు ఉంటుంది కాబట్టి. నేర్చుకునే పిల్లలు ఆయన్ని వదులు మాస్టారు అని ఊరికే అంటారా? కానీ ఇది ఇంటి కారు. ఆయన పాదం కింద ఉన్నది ఉత్త నేల. కారు ఒక్కసారిగా దూకింది. మళ్ళీ బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగేసరికి ముందు చక్రం అంచున ఉన్న రాళ్ళని తన్నుకుని ఆగింది. ఒక రాయి కిందికి పోయింది. అది ఎక్కడో పడ్డ చప్పుడు కోసం ముగ్గురం ఎదురుచూశాం. వినిపించలేదు.

ఇంకెవరైనా వదిలేవారు కాదు, మన ఇంట్లోవాళ్ళే ఇలాంటి పొరపాటు చేస్తారు. ఆయనదీ అలవాటే, నాదీ అలవాటే. ఇందులో ఆయన తప్పు లేదు. స్కూలు కారులో అయితే ఏమీ అయ్యేది కాదు. కాబట్టి నా తీర్పు, నాన్న పాఠాలు చెప్పచ్చు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క.: పై ఉత్తరం నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, బాగా రాశావు, కవరు అంటించు అన్నారు. ఇది ఆయన చూడకుండా రాస్తున్నాను.

అది అలవాటు కాదు. కారు ఆగాక నేను దిగి ఆయన వైపు తలుపు తీశాను. కంగారు పడకు, నేనింకా బ్రేకు తొక్కే ఉంచాను అన్నారు. ఆ కుదుపుకి అమ్మ ఫ్లాస్కు ఎగిరి ఆయన కాళ్ళ దగ్గర పడి పగిలింది. కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో, ఆయన ఉత్త పాదంతో ఆ గాజు పెంకుల్ని నొక్కుతున్నారు. కింద మ్యాటంతా రక్తం. నొప్పిగా లేదా నాన్నా అంటే, ఎక్కడ అని అడిగారు. షుగరు ఎప్పుడో పాదాలకి పాకింది. కింద బ్రేకు ఉందో లేదో ఆయన కాలికి తెలియదు. గేటుకి గుద్దుకున్నదీ అందుకే. కట్టు కడుతుంటే నా చెయ్యి పట్టుకుని, అన్నయ్యకి చెప్పకమ్మా అన్నారు. ఆయన నన్ను ఏదైనా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే పైదంతా ఆయన కోసం రాశాను.

స్కూలు కారు రేపు ఉదయం రిపేరు నుంచి వస్తుంది. మొదటి క్లాసు ఎదురింటి అమ్మాయిది. వదులు అంటే ఆ పిల్లా వదిలేస్తుంది. షెడ్డుకి వెళ్ళి తాళం నేనే తెచ్చుకుంటాను, నువ్వు వచ్చేదాకా ఆయనకి ఇవ్వను. తొందరగా రా అన్నయ్యా, ఆయన అడుగుతుంటే ఎన్నాళ్ళు లేదనగలనో నాకు తెలియదు.