జబరు, జేరు, పేషు

ఉదయగిరి,
బహుధాన్య, ఆషాఢ బహుళ తదియ.

నా ప్రాణంలో సగమైన పీరమ్మకు,

నేను ఇక్కడికి దూది ఏకడానికి రాలేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే మళ్లీ ఏదో ఒకటి అల్లి రాస్తానని భయం. నీకు తెలుగు చదవడం వచ్చు, ఈ ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోనక్కర్లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. చదివాక ఆత్మకూరు దూదేకులవాళ్లందరికీ వినిపించినా నీ ఇష్టం.

నాకు అరబీ చదవడం రాదు. మా నాయనకూ రాదు. ఆయన ఎవరి దగ్గరో విని పట్టుకున్నది నాకు నోటికి నేర్పాడు. ఊళ్లో మనవాళ్లు ఎవరు పోయినా ఖురాను గ్రంథం మూసి పక్కన పెట్టుకుని చదివేవాడు. ఆయన తర్వాత ఆ పని నాకొచ్చింది. మూసిన గ్రంథం ముందు కూర్చుంటే జనం నమ్మరేమోనని నేను తెరిచి కూర్చోవడం మొదలుపెట్టాను. అంతే నా పాండిత్యం. కరువులో రోజుకొక ఇంట్లో చదివాను. అందరూ లేచి సలాం పెడుతుంటే ఛాతీ కూడా విరుచుకున్నాను, నీ దగ్గర దాచడమెందుకు.

మన సైదమ్మ పోయిన మూడోనాటి ఫాతెహాలో నువ్వొక్కదానివే అడిగావు. "నా బిడ్డకి చదివినాది ఏడుండాదో వేలు పెట్టి చూపించు" అన్నావు. చేతికొచ్చిన చోట పెట్టాను. నువ్వు వంగి ఆ చోటు కళ్లకద్దుకున్నావు. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నువ్వు నాతో రెండు మాటలకు మించి మాట్లాడకపోతే బిడ్డ మీది దిగులనుకున్నాను. ఆ దిగులుకు నా అబద్ధాన్ని మందుగా ఇచ్చానే అని కుమిలిపోయాను.

అందుకే ఇక్కడ మసీదులో ఉస్తాదు దగ్గర చేరాను. ఆరేళ్ల పిల్లల మధ్య నలభై ఏళ్లవాణ్ణి, ఒళ్లో పలక. అక్షరం మీద గీత పెడితే జబరు, కింద పెడితే జేరు, మీద చిన్న కొక్కెం పెడితే పేషు. మన తలకట్టు, గుడి, కొమ్ము చేసే పనే అవీ చేస్తాయి. "బే జబరు బ, బే జేరు బి, బే పేషు బు" అని పిల్లలు ఊగుతూ అంటుంటే నేనూ ఊగుతాను. నేను తప్పు చదివితే వాళ్లకు పండగే.

మొదటిరోజు గొప్పకు పోయి, నాకు కొంత వచ్చన్నాను. ఉస్తాదు గ్రంథం తెరిచి మొదటి పేజీ చదవమన్నాడు. నోటికి వచ్చిందే కదా, గడగడా అందుకున్నాను. సగంలో ఆయన పేజీ మీద అరచెయ్యి పరిచాడు. నా నోరు ఆగలేదు. పిల్లలు నవ్వారు, ఆయన నవ్వలేదు. "ఈ చదువుతో ఎంతమందిని మట్టిలో పెట్టినావు?" అన్నాడు. నాకు లెక్క తెలియలేదు. పలక తీసుకుని పిల్లల వరుసలో కూర్చున్నాను.

నిన్న మాత్రం ఎన్నడూ వినని వాక్యం ఒకటి గీతలు చూసుకుంటూ కూడబలుక్కుని చదివాను. చాలాసేపు పట్టింది. ఏడుపొచ్చింది. ఆ రోజు నీకు చూపించిన చోట ఏముందో ఇప్పుడు వెతికి చదవగలను. నువ్వు గడప తొక్కనిస్తేనే. రమ్మంటే వస్తాను, వద్దంటే ఇక్కడే దూది ఏకుకుంటూ ఉండిపోతాను.

నీ ముందు తలెత్తలేని
మస్తానయ్య


ఆత్మకూరు,
ఆషాఢ అమావాస్య.

సైదమ్మ నాయనకు,

నీకు అరబీ చదవడం రాదని నాకు ముందు నుంచీ తెలుసు. చిన్నప్పుడు మా అవ్వ ఖురాను చదువుతుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. మన పుస్తకాలకు చివర ఉండే వైపున ఆ గ్రంథానికి మొదలు. నువ్వేమో దాన్ని తెలుగు పుస్తకంలా తెరిచి, చివరి పేజీలు ముందేసుకుని, మొదటి పేజీలో ఉండే ఫాతెహా వాక్యాలు చదివేవాడివి. ఆకులూ అలాగే తిప్పేవాడివి. పెళ్లయిన ఏడాదికే కనిపెట్టి నవ్వుకుని ఊరుకున్నాను. ఊళ్లో నీకు జరిగే మర్యాద నాకూ బాగానే ఉండేది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

బిడ్డ దగ్గరైనా నిజం చెబుతావనుకున్నాను. నాకు తెలియదే అంటావని, ఆ మాట నీ నోటి నుంచి వినాలని వేలు పెట్టమన్నాను. నీ వేలు వచ్చి ఒక చోట ఆగింది. ఆడవాళ్లంతా చూస్తున్నారు. నీ పరువు తీయలేక కళ్లకద్దుకున్నాను. ఏడాదిగా నేను మాట్లాడకపోవడం దిగులు కాదు, కోపం.

అది పోయిందని రాయను. నీ ఉత్తరం చదివి ఏడ్చానని మాత్రం రాస్తాను. ఆ చోటు వెతకొద్దు. అక్కడ ఏముందో నాకక్కర్లేదు. శుక్రవారంలోపు బయలుదేరి రా. మనవాళ్లందరికీ నీ నోటితోనే చెప్పు. ఎవరేమన్నా పడు, నేనూ పక్కన నిలబడి పడతాను.

తర్వాత ఆ మూడు గుర్తులూ నాకు నేర్పు. తెలుగు వచ్చినదాన్ని, అవి పట్టుకోలేనా? అందాకా సైదమ్మ పేరు మీద నువ్వు నోరు విప్పొద్దు. ఎన్నాళ్లు పట్టినా సరే, నా బిడ్డకు నేనే చదువుకుంటాను. నువ్వు కూర్చుని విను.

సైదమ్మ తల్లి
పీరమ్మ