ఓడచెల్లి తెచ్చిన కబురు

ఆదివారం రాత్రి, రారవాయి

ఒకే ఓడలో వచ్చినవాళ్లం తోబుట్టువులమని, చెరుకు తోటల గిరిమిట్ కూలి ఒప్పందం తీరాక కూడా పైడమ్మ నన్ను అక్క వరసన అప్పా అనే పిలుస్తుంది. ఈ రోజు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పే పని దొరికిందట. కాళ్లకు బూట్లు కూడానూ! మా మనవరాలు సీత దానికంటే బాగా చదువుతుంది.

"అప్పా, బళ్లో ఇంకో పని ఖాళీగా ఉందట. రేపు సీతను తోలు, మా గుంట బడి దొరసానితో సెప్తాది," అంది పైడమ్మ.

వాళ్ల దయ మాకెందుకనిపించి, "మా పిల్లకు పెళ్లి కుదిరింది," అనేశాను.

"నాతో సెప్పనేదేటి! ఓడచెల్లిని కానా?" అంటూ తన చేతి గాజు తీసి సీతకు తొడిగింది.

వాళ్లు వెళ్లాక సీత అడిగింది: "పెళ్లికొడుకెవరు మామ్మా?"

పెళ్లీ లేదు, పెళ్లికొడుకూ లేడు. రేపు బడి గంటకు ముందే పైడమ్మ దగ్గరికి వెళ్లి నిజం ఒప్పుకోకపోతే, పిల్ల నాలాగే చెరుకు తోటలో కలుపు తీయాలి. ఒప్పుకుంటే పైడమ్మ తిట్టదు. సీత చెయ్యి పట్టుకుని తనే బడికి తీసుకుపోతుంది. నాకు అదే కష్టంగా ఉంది.