నిరోష మా ఇంట్లో ఉన్న రోజులు

సెప్టెంబర్ 6

నిరోష మా ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. వాగు పొంగి వాళ్ళ ఇల్లు కూలినప్పుడు వాళ్ళమ్మ మేకను విప్పడానికి వెనక్కి వెళ్ళిందట. మేక ఈదుకుంటూ బయటపడింది. ఆమె ఇంతవరకూ దొరకలేదు.

నేనూ నిరోషా ఇంటర్ ఫస్టియర్. ఒకే బెంచీ. దానికి నాన్న చిన్నప్పుడే పోయాడు. మాచర్లలో మేనమామ ఒక్కడే ఉన్నాడు. ఆయన వచ్చి రెండు రోజులు వాగంతా తిరిగి, మా ఇల్లు ఇరుకు, పిల్లను కొన్నాళ్ళు మీ దగ్గరే ఉంచండక్కా అని వెళ్ళిపోయాడు. అమ్మ మాకందరికీ ముందే చెప్పింది, దాన్ని ఎవరూ ఏమీ అడగబాకండి అని.

నా బట్టలు నేనే ఇచ్చాను. ఆకుపచ్చ చుడీదార్ కూడా. జాలేసింది. నిజంగానే.

సెప్టెంబర్ 15

ఆ చుడీదార్ నాకంటే దానికే బాగుందని నాయనమ్మ అంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఏడో తరగతి నుంచి అమ్మ నాకు తల దువ్వడం మానేసింది. అంత ఎత్తు పెరిగావు, నీ జడ నువ్వేసుకోలేవా అనేది. ఇవాళ మెట్ల మీద ఎండలో కూర్చుని నిరోషకు నూనె పెట్టి, పాయలు తీసి, జడ అల్లింది. ఎంత నెమ్మదిగా అల్లిందో. నేను పక్కనే నిలబడ్డాను. నా వైపు చూడకుండానే, ఏందే అట్టా నిలబడ్డావు, పొయ్యి మీద పాలు చూడు అంది.

దానికి అమ్మ లేదు. తెలుసు. అందుకని నా అమ్మను తీసుకోవాలా?

పై మాట కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను. తీసుకోవాలా?

అక్టోబర్ 11

అది ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడిస్తే నేను కాస్త మంచిదాన్ని అయ్యేదాన్నేమో.

నవంబర్ 8

హైదరాబాద్ నుంచి జ్యోతిర్మయి మేడం అని ఒక డైరెక్టర్ మా కాలేజీకి వచ్చింది. వరద తర్వాత ఒక అమ్మాయి ఎలా పెద్దదవుతుందో సినిమా తీస్తుందట. ఆడిషన్ రేపు. ముందుగా మా అందరికీ లాప్‌టాప్‌లో ఒక జపాన్ సినిమా చూపించింది. సునామీ వచ్చి పోయిన ఊళ్ళో ఒక అమ్మాయి. నడుస్తుంది, అన్నం తింటుంది, బస్సెక్కుతుంది. అంతే. సగం క్లాసు నిద్రపోయింది. నేను కళ్ళార్పలేదు.

ఈ వేషం నాదే. స్కూల్లో ఏ నాటకం వేసినా హీరోయిన్ నేనే. నిరోషకు స్టేజీ ఎక్కితే కాళ్ళు వణుకుతాయి. ఇది ఒక్కటైనా నాకు మిగిలింది.

నవంబర్ 9

ఏడ్చాను. గ్లిజరిన్ లేకుండా, నిజం కన్నీళ్ళు. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం మాత్రం, బాగా చేశావు రుచితా, కానీ చేస్తున్నావని తెలిసిపోతోంది అంది.

నిరోష ఆడిషన్‌కు రాలేదు. నేను ఇంట్లో మరిచిపోయిన టిఫిన్ బాక్స్ అమ్మ ఇచ్చి పంపితే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి బాక్స్ ఎత్తి చూపించింది. మేడం దాని వైపు తిరిగింది. ఇక నా వైపు తిరగలేదు.

సాయంత్రం మేడం ఇంటికొచ్చి ఆ వేషానికి నిరోషను అడిగింది. అమ్మ మండిపడింది. పిల్ల గుండెలో పుండుంటే దాన్ని పదిమందికీ చూపిస్తారా అంది. మొదటిసారి అమ్మ నా పక్కన ఉన్నట్టు అనిపించింది. అంతలో నిరోష లోపలి నుంచి వచ్చి, నేను చేస్తానత్తా అంది.

నవంబర్ 20

వాగు ఒడ్డున షూటింగ్. నాకూ పని ఇచ్చారు. షాట్‌కూ షాట్‌కూ మధ్య గొడుగు పట్టుకోవాలి. దాని మీద.

మధ్యాహ్నం అమ్మ క్యారియర్ తెచ్చింది. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. మొదటి ముద్ద దానికే.

నవంబర్ 21, మధ్యాహ్నం 2.15

నిరోష మేనమామకు ఫోన్ చేశాను. మా ఇంట్లో కుదరడం లేదు, మీ పిల్లను తీసుకెళ్ళండి, అమ్మే చెప్పమంది అన్నాను. ఆయన, సరేనమ్మా, సోమవారం వస్తాను అన్నాడు.

నా గొంతు కొంచెం కూడా వణకలేదు. మేడం వినుంటే వేషం నాకే ఇచ్చేది.

నవంబర్ 22

బ్రేక్‌లో నిరోష కనపడలేదు. గొడుగు పట్టుకుని ఒడ్డు వెంట వెళ్ళాను. సర్కారు తుమ్మ పొదలను కర్రతో పక్కకు నొక్కి లోపలికి చూస్తోంది. చేతుల నిండా ముళ్ళ గీతలు. ఏం చేస్తున్నావే అని అడిగాను. అత్త వాగు దిక్కుకు పోనీయదుగా, షూటింగంటే ఏమనదు అంది.

సినిమాకు ఒప్పుకుంది ఇందుకు. రోజూ కొంత కొంత ఒడ్డు వెతుకుతోంది. దాదాపు మూడు నెలల తర్వాత ఏం దొరుకుతుందని నేను అడగలేదు.

మేనమామకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. స్విచాఫ్.

నవంబర్ 23, ఆదివారం

చివరి సీన్. నీళ్ళ దగ్గర నిలబడి ‘అమ్మా’ అని ఒక్కసారి పిలవాలి. ఆరు టేకులు. నోరు తెరుస్తుంది, గొంతు రాదు. మేడం పోనీలే వదిలేద్దాం అంది. నేను దగ్గరికి వెళ్ళాను. నిరోష నా చెవిలో, పిలిస్తే పలకకపోతేనో అంది.

వరద వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా పిలవలేదట.

నేను పిలుస్తానన్నాను. మేడం కెమెరా దాని ముఖం మీదే పెట్టించి నన్ను వెనక నిలబెట్టింది. అరిచాను. నా గొంతు అవతలి ఒడ్డున పత్తి చేలదాకా వెళ్ళింది. అందరూ నన్ను చూశారు. నిరోష ఒక్కతే నీళ్ళ వైపు చూసింది, బదులు వస్తుందని. అలా ఎంతసేపు విన్నదో. తర్వాత కూలబడి ఏడ్చింది. మేడం కట్ చెప్పడం మరిచిపోయింది.

అమ్మ పరుగెత్తుకొచ్చి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నాకు అసూయ కలగలేదని రాయాలని ఉంది.

కలిగింది. కొంచెం.

నవంబర్ 24

మేనమామ వచ్చాడు. వద్దని ఫోన్ చేయించినాక ఇంకా ఎట్టా ఉంచుతానక్కా, మాకూ రోషం ఉండదా అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు. నేనే చెప్పాను. అమ్మకు తెలియదు, అబద్ధం ఆడింది నేను అని, అందరి ముందూ. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పరీక్షలయ్యేదాకా ఉంచమని ఆయన్ను బతిమాలింది. కానీ నిరోష అప్పటికే సంచి సర్దుకుంది. పోయొస్తానత్తా అంది.

బస్సు దాకా నేనూ వెళ్ళాను. చుడీదార్ ఉంచుకో అన్నాను. అది కిటికీలోంచి, మా అమ్మ నిన్నట్టా చూసుకుంటే నేను మాత్రం ఊరుకుందునా ఏందే అంది.

తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 9

వంటింట్లోంచి అమ్మ నిరోషా అని పిలిచింది. అలవాటుగా. పిలిచాక గరిటె చప్పుడు ఆగిపోయింది.

వస్తన్నానత్తా అని నేను పలికాను.