కిష్ట్యా బతికి ఉన్న విషయమై విన్నపం

తేది: 14-7-1998

గౌరవనీయులైన పై అధికారి గారి సముఖమునకు,

తమ ఆదేశానుసారం నేను సూర్యాపేటలో పది రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, త్వరగా చదవడం నేర్పే సాఫ్ట్‌వేర్‌తో శిక్షణ పొందడమైనది. వరుసకు మూడు మాటలు చూసి తక్కినవి ఊహించుకోవడం దాని పద్ధతి. నిమిషానికి ఆరు వందల మాటలు చదివినట్టు ధ్రువపత్రం జతపరచడమైనది.

శిక్షణ ముగించి తిరిగి విధుల్లో చేరిన తొలిరోజే తండా నుంచి రుక్మాబాయి అర్జీ తెచ్చింది. తొమ్మిది సెకన్లలో చదివి, అందులో "భర్త", "చనిపోయినట్టు", "దయచేసి" అనే మాటలు కనిపించినందున, వితంతు పింఛనుకు సిఫారసు రాసి వెంటనే తమకు పంపడమైనది.

"గంత జల్ది సదివితివి, ఏం సమజయింది సారూ?" అని ఆమె అడిగింది.

ఆమె దగ్గరున్న నకలును అటెండర్ సత్తయ్య వేలు పెట్టి కూడబలుక్కుంటూ అరగంట చదివాడు. "సారూ, రేషన్ కార్డుల ఈమె పెనిమిటి చనిపోయినట్టు తప్పు రాసిన్రంట. మనిషి బతికే ఉన్నడంట."

"పొద్దుగాల్నించి గదే చెప్తున్న" అన్నాడు, ఆమె పక్కనే గొడుగు పట్టుకుని నిలబడిన కిష్ట్యా.

రెండు నెలలుగా అతని వంతు బియ్యం ఆగిపోయినవి. కార్డులో బతికేదాకా లేవనని రోజూ నా బల్ల ముందే కూర్చుంటున్నాడు. కావున నా సిఫారసును రద్దుచేసి, అతని పేరు తిరిగి చేర్చగలరు.

ఈ విన్నపాన్ని మాత్రం నాతోపాటు శిక్షణ పొందిన తమ కార్యాలయపు గుమాస్తాకు చదవడానికి ఇవ్వవద్దని మనవి. మరోసారి చనిపోవడానికి కిష్ట్యా ఒప్పుకోవడం లేదు.

ఇట్లు,
తమ విధేయుడైన గుమాస్తా