నాన్న ముందు పలికిన పెద్ద మాట

జూన్ 14, ఆదివారం

పొద్దున్నే నాన్న చెప్పాపెట్టకుండా సునీత దీదీని ఇంటికి తీసుకొచ్చాడు. దీదీ సోషియాలజీలో డిగ్రీ చేసి, ఇప్పుడు మా అండమాన్‌లోనే, ఉత్తరాన మాయాబందర్‌లో సంక్షేమ శాఖలో పనిచేస్తోంది; సెలవుకి ఇటొచ్చిందట. ఆ చదువుకి ఉద్యోగాలుంటాయా అని నాన్న తను పనిచేసే హాడో ఓడల జెట్టీలో కనబడినవాళ్లందరినీ అడిగి ఆమెను పట్టుకున్నాడట.

డిగ్రీ విశాఖలో, ఆ తర్వాత సోషల్ వర్క్‌లో పీజీ అని నా ప్లాన్ చెప్పాను. "బాగుంది. సోషియాలజీయే ఎందుకు?" అంది దీదీ.

వారం నుంచి ముచ్చటపడి కూర్చుకున్న వాక్యం గడగడా చెప్పేశాను. "చైతన్యం లేని శ్రామిక కుటుంబంలో పుట్టి, వెనుకబాటుతనాన్ని దగ్గర్నుంచి చూశాను కాబట్టి."

దీదీ టీ కప్పు కింద పెట్టి నాన్న వైపు చూసింది. నాన్న మాత్రం పొంగిపోయాడు.

"అరే వా! ఏం తెలుగు మాట్లాడేసింది మా బంగారం! చైతన్యం అంటే ఏటమ్మా?"

"చదువు లాంటిది నాన్నా," అన్నాను.

"అయితే నిజమే కదా, మాకది లేదు," అని నవ్వాడు. సాయంత్రం పక్కింటి భయ్యాకి కూడా అదే వాక్యం సగం సగం అప్పజెప్పి, "మా అమ్మాయే అంది" అన్నాడు. నేను లోపల తలుపు వెనక నిలబడి విన్నాను.

రేపు ఉద్యోగంలో నేను కలవబోయే మనుషుల గురించి కూడా ఇలాగే మాట్లాడతానా? మాటలు బాగున్నాయని, ఎదురుగా ఉన్న మనిషిని మరిచిపోయి...

పొద్దున నాన్న డ్యూటీకి వెళ్లేలోపే లేచి టీ పెడతాను. చైతన్యం అంటే ఏమిటో ఈసారి సరిగ్గా చెప్తాను. అది లేదని నేనన్నది తననేనని కూడా.