అమ్మ బైబిలు మీద ఒట్టు

పాలకొల్లు,
20-10-1998

ప్రియమైన మరదలు కృపారాణికి,

ప్రభువు దయవల్ల ఇక్కడ క్షేమం. మా తమ్ముడు ఏసురాజు షుగర్ రోగుల కోసం సైకిలు యాత్ర చేస్తాడా! అదీ రాజమండ్రి నుంచి పాలకొల్లు దాకా! లేనివాళ్ళ ఇన్సులిన్‌కి చందాలు పోగవుతాయని పాస్టరుగారు చెప్పారు. తన షుగరు తగ్గించుకోలేనివాడు ఊరందరి షుగరు మీదకి బయల్దేరాడు, మొనగాడు! నాకు గర్వంగానే ఉందిలే, దాచను.

కానీ దారి పొడుగునా జనం పానకాలూ పూతరేకులూ పట్టుకుని నిలబడతారు. తీపి ముట్టనని అమ్మ బైబిలు మీద వాడిచేత ఒట్టు వేయించాను గదా, గుర్తుచెయ్యి. కాలు తీసేశాక అమ్మ ఎలా పోయిందో నువ్వు చూడలేదు.

మీ మేలు కోరే వదిన,
దేవకుమారి

రాజమండ్రి,
2-11-1998

ప్రియమైన వదినగారికి,

కృప వందనాలు. మీ తమ్ముడు రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద సైకిలు తొక్కుతున్నారండి. మాత్ర వేసుకుంటారు గానీ టిఫిను తినరు. తింటే ఒళ్ళు బరువట.

మొన్న ఆదివారం తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. నన్ను చూసి ఎవరని అడిగారు. గబగబా పంచదార నీళ్ళు కలిపిచ్చాను. "అక్కకి మాటిచ్చాను" అని గ్లాసు తోసేశారు. చద్దన్నం తినిపిస్తే చాలాసేపటికి తేరుకున్నారు.

నాకు భయంగా ఉందండి. ఇలాంటప్పుడు కాస్త తీపి తినొచ్చని మీరు ఒక్క ముక్క రాయండి. నా మాట ఎప్పుడు విన్నారు గనక!

మీ
కృప

పాలకొల్లు,
7-11-1998

ప్రియమైన కృపా,

నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండిపోయింది. షుగర్ మనిషికి పంచదార నీళ్ళా? నీకేమన్నా మతిపోయిందా? అమ్మ కూడా ఇలాగే కళ్ళు తిరుగుతున్నాయి, బెల్లంముక్క పెట్టండర్రా అని ఏడ్చేది. ఎవరో జాలిపడి పెట్టారు. ఆ తర్వాత కాలికి పుండు లేచింది, కాలే పోయింది.

నీరసానికి మజ్జిగ చాలు. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. ఒట్టు దాటితే అక్క చచ్చినంత ఒట్టని చెప్పు. పద్నాలుగో తారీకున, యాత్ర రోజు, మన చర్చి ముందు ఉప్పేసిన మజ్జిగతో నేనే నిలబడతాను.

మీ వదిన,
దేవకుమారి

రాజమండ్రి,
29-11-1998

వదినగారికి,

సమాధుల దొడ్డిలో నన్ను పట్టుకుని "అంత గట్టి గుండె ఎలా ఆగిపోయిందే" అని అడిగారు. గుండె కాదండి. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా తొక్కడంవల్ల ఒంట్లో షుగరు బాగా పడిపోయిందట.

ఆత్రేయపురం దగ్గర కాలవ గట్టు మీద పడిపోయారు. పూతరేకులు చుట్టే సూరమ్మగారు పరుగున వచ్చి గుప్పెడు పంచదార నోట్లో పెట్టబోతే పళ్ళు బిగించేశారట. "అక్క చచ్చిపోతుంది" అన్నారట. ఆవిడ నాతో చెప్పి ఒకటే ఏడుపు. ఆస్పత్రిలో మూడు రోజులూ కళ్ళు తెరవలేదు. ఆ గుప్పెడు పంచదార మింగినా బతికేవాడమ్మా అన్నారు డాక్టరుగారు. బయల్దేరేముందు యాత్రవాళ్ళిచ్చిన గ్లూకోజ్ పొట్లం చొక్కా జేబులో అలాగే ఉంది.

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించింది నేనే. ఇంకెవరికీ చూపించలేదు. బియ్యం డబ్బాలో దాచాను. చింపెయ్యమంటే చింపేస్తాను.

కృప

పాలకొల్లు,
6-12-1998

తల్లీ కృపా,

అమ్మకి ఎవరో బెల్లం పెట్టారని రాశాను. ఆ ఎవరో నేనే. అడిగినప్పుడల్లా దొంగతనంగా పెట్టేదాన్ని. కాలు తీసేసిన రోజునుంచీ ఆ పాపం మోస్తున్నాను. అది కడుక్కుందామనే వాడిచేత ఒట్టు వేయించాను. పెట్టకూడనప్పుడు పెట్టాను, పెట్టాల్సినప్పుడు వద్దన్నాను. ఇద్దరినీ నేనే పోగొట్టుకున్నాను కృపా. ఆ రోజు మధ్యాహ్నందాకా మజ్జిగ కుండతో వాడి సైకిలు కోసం చూస్తూనే ఉన్నాను.

నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. ఆ ఉత్తరం చింపకు. వచ్చే ఏడు సైకిళ్ళు బయల్దేరేముందు పాస్టరుగారిచేత అందరికీ చదివించు. నా పేరు కూడా చదవమను.

ఏసురాజు అక్క,
దేవకుమారి