చిన్నమ్మ దింపిపోయిన గుమ్మడికాయ

చిన్నమ్మా,

కెలమంగలంలో నువ్వూ, నీ పట్టుపురుగులూ బాగున్నారనుకుంటాను. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయుధపూజ నాడు పసుపు, కుంకుమ, బూడిదగుమ్మడికాయ పట్టుకుని హోసూరులో మా కంపెనీకి వచ్చావు. నేను గాజుతలుపు దగ్గరే ఆపేశాను. “ఇంత దూరం వచ్చినాను, మీ మిషన్‌కు ఒక బొట్టు పెట్టకూడదా?” అన్నావు. గుమ్మడికాయను సెక్యూరిటీ బల్లమీద దింపి, కాఫీ అయినా తాగకుండా బస్సెక్కేశావు.

మేం చేసేది కొత్తరకం కంప్యూటర్. గాలి తీసేసిన స్టీలు డబ్బాలో ఒకే ఒక్క పరమాణువును పట్టి నిలబెట్టి, లేజర్ వెలుగుతో దానిచేత లెక్కలు చేయించాలి. ఆ రోజు డబ్బా మూత తీసి ఉంది. లోపల వేలిముద్ర పడినా మా శ్రమంతా పోతుంది. ఇది నీకు తెలియనిదా? చిన్నప్పుడు నేను మల్లెపూలు పెట్టుకుని నీ పురుగులింటికి వస్తే, “ఆడే నిలబడమ్మా, పురుగులకు వాసన పడదు” అని వాకిట్లోనే ఆపేదానివి. నేను మాత్రం అలిగి బస్సెక్కలేదు!

నిన్న పరమాణువు చిక్కింది చిన్నమ్మా. కెమెరాలో సన్నని నీలం చుక్కలా మెరిసింది. మా మేడమ్ సంతోషం పట్టలేక గుమ్మడికాయ కొట్టేద్దామంది. నేనే వద్దన్నాను. సెక్యూరిటీ బైరప్ప దాన్ని రోజూ తుడిచి పెడుతున్నాడు.

డబ్బా మూత బిగించేశాం. ఇక నువ్వు లోపలికి రావచ్చు. శుక్రవారం వచ్చి నీ చేత్తోనే కొట్టు. ఆ రోజు నేను మల్లెపూలు పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటాను.

నీ అక్క కూతురు